నిలువా, అడ్డమా? ఇంటి నాస్‌లో హార్డ్ డ్రైవ్‌ని బిగించే సంగతి

ఇంట్లో నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో అందరూ ఫైళ్లు దాచుకునే హార్డ్ డ్రైవ్‌ల పెట్టె) పెట్టుకుంటున్నామని చెప్పేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: హార్డ్ డ్రైవ్‌ని పడుకోబెట్టాలా, నిలబెట్టాలా? కొందరైతే తలకిందులుగా పెడితే డేటా పోతుందట కదా అని భయపడతారు. జవాబు చిన్నదే. పడుకోబెట్టినా, పక్కకి తిప్పి నిలబెట్టినా, కొన మీద నిలబెట్టినా, బోర్లించినా ఇప్పటి డ్రైవ్‌కి తేడా పడదు. ఏ దిశలోనైనా బిగించుకోవచ్చని తయారీదారులే తమ పత్రాల్లో రాస్తారు. అయితే ఆ మాటలో 'ఏ దిశలోనైనా' అన్నంతవరకు చదివి 'బిగించుకోవచ్చు' అన్నదాన్ని చాలామంది వదిలేస్తారు. నేను చూసిన తిప్పలన్నీ అక్కడి నుంచి మొదలైనవే.

దిశ ఎందుకు ముఖ్యం కాదో, పట్టు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే డ్రైవ్ లోపల ఏం జరుగుతోందో ఒకసారి చూడాలి. 3.5 అంగుళాల డ్రైవ్‌లో తిరిగే పళ్లెం వ్యాసం సుమారు 95 మిల్లీమీటర్లు. నిమిషానికి 7200 చుట్లంటే సెకనుకు 120. ఆ లెక్కన పళ్లెం అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతూ ఉంటుంది. దాని పైన డేటాని చదివే, రాసే రీడ్/రైట్ హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. మన తల వెంట్రుక మందం 80 వేల నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇక పళ్లెం మీద డేటా ట్రాకులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయంటే, పక్కపక్క ట్రాకుల మధ్య దూరం వంద నానోమీటర్లు కూడా ఉండదు. అంత సన్నని దారి మీద హెడ్ తప్పకుండా నిలవాలి, సెకనుకు 120 సార్లు చుట్టూ తిరిగి వస్తున్న దారి మీద.

ఇంత సున్నితమైన ఏర్పాటు బోర్లిస్తే పాడవకుండా ఎలా ఉంటుంది? హెడ్ బరువు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని పళ్లెం వైపు నొక్కిపట్టే సన్నని స్ప్రింగు బలం గ్రాముల్లో ఉంటుంది. పళ్లేనికీ హెడ్‌కీ మధ్య చిక్కుకున్న గాలి పొర ఆ బలానికి ఎదురు నిలబడి హెడ్‌ని తేలుస్తుంది. ఈ రెండు బలాల తూకంలో భూమి ఆకర్షణ వాటా లెక్కలోకి రానంత తక్కువ. హెడ్‌ని మోసే చేయి కూడా దాని ఇరుసు చుట్టూ సమతూకంతోనే ఉంటుంది కాబట్టి నిలువుగా పెట్టినా కిందికి వాలిపోదు. అసలు మామూలు డ్రైవ్‌లోనే ఒక్కో పళ్లేనికి పైన ఒక హెడ్, కింద ఒక హెడ్ ఉంటాయి. అంటే ఎలా పెట్టినా సగం హెడ్లు బోర్లా పనిచేస్తున్నట్టే.

మరి ఆ భయం ఎక్కడిది? దానికి ఒకప్పుడు ఆధారం ఉండేది. 1980ల్లో చాలా డ్రైవ్‌లు హెడ్‌ని స్టెప్పర్ మోటారుతో జరిపేవి. మోటారు ఇన్ని మెట్లు తిరిగింది కాబట్టి హెడ్ ఫలానా ట్రాక్ మీద ఉందన్నది ఒక అంచనా మాత్రమే. నిజంగా ఉందో లేదో చూసుకునే దారి ఉండేది కాదు. అలాంటి డ్రైవ్‌ని అడ్డంగా ఫార్మాట్ చేసి తర్వాత నిలువుగా పెడితే చేయి వెంట్రుకవాసి జారి ట్రాకులు సరిగ్గా అందకపోయేవి. అందుకే ఏ దిశలో వాడతామో ఆ దిశలోనే ఫార్మాట్ చేయాలనేవారు. ఆ తర్వాత వాయిస్ కాయిల్ మోటార్లు వచ్చాయి. హెడ్ ఎక్కడుందో చెప్పే గుర్తులు పళ్లెం మీదే రాసి ఉంటాయి. హెడ్ క్షణక్షణం వాటిని చదువుకుంటూ తన దారి దిద్దుకుంటుంది. పాత జాగ్రత్త మాత్రం నోటి మాటగా మిగిలిపోయింది.

అంటే దిశ గురించి దిగులు అక్కర్లేదు. పడిపోవడం గురించి మాత్రం తప్పకుండా పట్టించుకోవాలి. డ్రైవ్ మందం 26 మిల్లీమీటర్లు. దాన్ని పక్కకి తిప్పి బల్ల మీద ఊరికే నిలబెడితే ఆ సన్నని అంచు మీద, బరువైన పెట్టె, లోపల తిరుగుతున్న పళ్లేలతో నిలబడి ఉంటుంది. కేబుల్ కాస్త లాగితే చాలు, వాలిపోతుంది. నడుస్తున్న డ్రైవ్ ఎంత కుదుపు తట్టుకుంటుందో కంపెనీలు ప్రకటిస్తాయి. మోడల్‌ని బట్టి అది 30 నుంచి 70 జి వరకు (ఒక జి అంటే భూమి ఆకర్షణ కలిగించే త్వరణం), అదీ రెండు మిల్లీసెకన్ల పాటు. ఆపి ఉన్నప్పుడైతే 200 జి పైనే తట్టుకుంటుంది, ఎందుకంటే అప్పుడు హెడ్లు పళ్లెం మీది నుంచి పక్కకి వచ్చి తమ మెట్టు మీద ఆగి ఉంటాయి. ఇప్పుడు పది సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడటం ఎంతో లెక్కేసి చూడండి. బల్లను తాకేసరికి వేగం సెకనుకు 1.4 మీటర్లు. గట్టి బల్ల దాన్ని ఒక్క మిల్లీసెకనులో ఆపేసిందంటే 140 జి. పది సెంటీమీటర్లే కదా అనిపించే ఎత్తు అది.

అందుకే కొత్త నాస్ కొనేముందు కొన్నాళ్లపాటు డ్రైవ్‌ని డాకింగ్ స్టాండ్‌లో గుచ్చి నిలబెట్టో, బల్ల మీద సర్క్యూట్ బోర్డు కిందికి పెట్టి పడుకోబెట్టో వాడటం నాకు ఇష్టం ఉండదు. ఒక ఫైలు కాపీ చేసుకోవడానికైతే సరే. రాత్రింబవళ్లు నడిపే ఏర్పాటుగా అది పనికిరాదు.

ఇక స్క్రూల దగ్గరికి వద్దాం, అసలు పని ఇక్కడే ఉంది. 3.5 అంగుళాల డ్రైవ్‌కి పట్టేది 6-32 అనే రకం స్క్రూ, మరలు దూరదూరంగా ఉంటాయి. 2.5 అంగుళాల డ్రైవ్‌లకీ, తిరిగే పళ్లేలు లేని ఎస్ఎస్‌డీలకీ ఎం3 రకం, దాని మరలు దగ్గరదగ్గరగా ఉంటాయి. చూపులకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎం3 స్క్రూ పెద్ద డ్రైవ్ రంధ్రంలోకి దిగుతుంది కూడా, కానీ పట్టదు. అలా వదులుగా ఊగుతూ ఉండిపోతుంది. తిరగేసి 6-32 స్క్రూని చిన్న డ్రైవ్‌లోకి బలవంతంగా దించితే రంధ్రం మరలు చితికిపోతాయి. డ్రైవ్‌ని కూర్చోబెట్టి పెట్టెలోకి తోసే ట్రేతో పాటు వచ్చిన చిన్న ప్యాకెట్లో రెండు రకాలూ కలిపి ఇస్తారు కాబట్టి, మొదటి స్క్రూని ముందు చేత్తోనే తిప్పి చూడటం నా అలవాటు. రెండు మూడు చుట్లు వేళ్లతోనే సాఫీగా దిగితే అది సరైన స్క్రూ. మొదటి చుట్టు నుంచే స్క్రూ డ్రైవర్‌తో తోయాల్సి వస్తోందంటే ఆగి చూసుకోవాలి.

పొడవు కూడా ముఖ్యమే. రంధ్రం లోతు కొన్ని మిల్లీమీటర్లే. అంతకు మించి పొడవున్న స్క్రూ అడుగు వైపు నుంచి దిగితే లోపలి భాగాలకో బోర్డుకో తగలొచ్చు. అలమారా తలుపుకి వాడే పొడవాటి స్క్రూని మరోటి దొరకలేదని డ్రైవ్‌కి వాడకండి. బిగింపు విషయానికొస్తే, స్క్రూ తల లోహానికి ఆనుకున్నాక ఇంకో పావు చుట్టు, అంతే. బలమంతా పెట్టి బిగిస్తే డ్రైవ్ అడుగు దిమ్మె వంగుతుంది. నానోమీటర్ల లెక్కలో నడిచే యంత్రానికి కంటికి కనిపించని వంపు కూడా వంపే. నాలుగు స్క్రూలనూ ముందు వదులుగా వేసి, తర్వాత మంచం పట్టీ లాగినట్టు ఎదురెదురు మూలలు ఒక్కోటిగా బిగిస్తే డ్రైవ్ ట్రేలో సమంగా కూర్చుంటుంది.

ఇందులో చాలామందిని తికమక పెట్టే మెలిక ఒకటుంది. పాత డ్రైవ్‌లకి ఒక్కో పక్క మూడు రంధ్రాలు ఉండేవి. పెద్ద సామర్థ్యం ఉన్న కొత్త డ్రైవ్‌ల్లో పళ్లేల సంఖ్య పెరిగి లోపల చోటు చాలక, పక్కన మధ్య రంధ్రం తీసేశారు. అడుగున ఉన్న రంధ్రాల్లో కూడా ఒక జత చోటు మారింది. పాత కేబినెట్‌లో ట్రే రంధ్రాలు సరిగ్గా ఆ మధ్య రంధ్రానికి ఎదురుగా ఉంటే కొత్త డ్రైవ్ బిగించడానికి చోటే దొరకదు.

నాకు జరిగింది అదే. పాత పెట్టెలో ఒక పెద్ద డ్రైవ్ బిగించబోతే నాలుగింట్లో రెండు స్క్రూలే కుదిరాయి, అవీ రెండూ ఒకే పక్క. ట్రేలో గట్టిగానే ఉన్నట్టు అనిపించి అలాగే వదిలేశాను. చిన్న ఫైళ్లతో ఏ ఇబ్బందీ లేదు. పెద్ద వీడియో ఫోల్డర్లు రాసేటప్పుడు మాత్రం వేగం పడిపోయేది, మళ్లీ లేచేది, మళ్లీ పడేది. నెట్‌వర్క్ కేబుల్ మార్చాను, స్విచ్ మార్చాను. చివరికి ఒకరోజు కాపీ నడుస్తుండగా తలుపు తీసి ఆ డ్రైవ్ స్వేచ్ఛగా ఉన్న అంచు మీద వేలు ఆనించాను. సన్నగా తుమ్మెద మోతలాంటి అదురు వేలికి తెలిసింది. అవతలి పక్క, స్క్రూలు ఉన్న వైపు, దాదాపు ఏమీ లేదు. రంధ్రాలు సరిపోయే ట్రే తెప్పించి నాలుగు మూలలూ బిగించాక వేగం నిలబడింది. డ్రైవ్‌లో చెడు సెక్టార్లు (డేటా నిలవని ముక్కలు) ఏవీ పుట్టలేదు, అది నా అదృష్టం.

అదురు వేగాన్ని ఎందుకు తగ్గిస్తుంది? హెడ్ ట్రాక్ మీది నుంచి జరిగినట్టు గుర్తిస్తే డ్రైవ్ రాయడం ఆపేస్తుంది, పక్క ట్రాక్‌లోని డేటా మీద రాయకూడదు కదా. మళ్లీ దారిలోకి వచ్చి, పళ్లెం ఇంకో చుట్టు తిరిగి అదే చోటు హెడ్ కిందికి వచ్చేదాకా ఆగాలి. 7200 చుట్ల డ్రైవ్‌లో ఒక చుట్టంటే 8.3 మిల్లీసెకన్లు. ఒక్కసారికి ఇది తెలియదు. వేలసార్లు జరిగితే కాపీ కుంటుతుంది. వీటన్నిటిలో డ్రైవ్‌ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది మెలితిప్పే అదురు, అంటే డ్రైవ్ మొత్తం తన మధ్య బిందువు చుట్టూ అటూ ఇటూ తిరిగినట్టు కదలడం. హెడ్ చేయి కూడా అదే తీరులో ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఆ కదలిక నేరుగా హెడ్ జరగడంగా మారుతుంది. ఒకే పక్క స్క్రూలు వేసిన డ్రైవ్ సరిగ్గా ఇలాగే కదులుతుంది.

పైగా నాస్‌లో డ్రైవ్‌లు పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని అదురు ఇంకోదానికి చేరుతుంది. నాలుగు డ్రైవ్‌ల పెట్టె ముందు నిశ్శబ్దంగా కూర్చుంటే 'వూం... వూం...' అని మెల్లగా పెరుగుతూ తగ్గుతూ వచ్చే మోత వినిపిస్తుంటుంది. రెండు డ్రైవ్‌లు 120 చుట్లకి అటూ ఇటూ వెంట్రుకవాసి తేడాతో తిరుగుతుంటే ఆ రెండు ధ్వనులూ ఒకసారి కలిసి, ఒకసారి విడిపోయి పుట్టే మోత అది. దానంతట అది జబ్బు కాదు. కానీ పెట్టె రేకు కూడా దాంతో కలిసి గణగణలాడుతుంటే ఎక్కడో ఏదో వదులుగా ఉందని అర్థం. నాస్ కోసమే అమ్మే డ్రైవ్‌ల్లో చాలావాటికి ఈ మెలితిప్పే అదురుని పసిగట్టి సర్దుకునే సెన్సర్లు ఉంటాయి. మామూలు డెస్క్‌టాప్ డ్రైవ్‌ల్లో సాధారణంగా ఉండవు. మూడు నాలుగు డ్రైవ్‌ల పెట్టె కట్టేటప్పుడు ఆ తేడాకి డబ్బు పెట్టడం సబబేనని నా అభిప్రాయం.

శబ్దానికి కూడా డిస్కులు చలిస్తాయని 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీరు బ్రెండన్ గ్రెగ్ చూపించాడు. నడుస్తున్న డిస్కుల వరస ముందు నిలబడి గట్టిగా అరిస్తే, డిస్కులు స్పందించే సమయం గ్రాఫులో ఒక్కసారిగా పైకి లేచింది. ఇక 2016లో బుకారెస్ట్‌లోని ఒక బ్యాంకు డేటా సెంటర్‌లో మంటలార్పే గ్యాస్ వ్యవస్థను పరీక్షిస్తుంటే, గ్యాస్ దూసుకొచ్చిన శబ్దానికే డజన్ల కొద్దీ డిస్కులు పాడయ్యాయి. ఇంట్లో అంత శబ్దం రాదు. కానీ హోమ్ థియేటర్ సబ్‌వూఫర్ ఉన్న అరలోనే నాస్ పెట్టేవాళ్లున్నారు. దాన్ని అక్కణ్నుంచి తీసేయమనే చెబుతాను.

శబ్దం తగ్గించుకోవాలని డ్రైవ్‌ని రబ్బరు తాళ్లతో వేలాడదీయడం, మెత్తటి స్పాంజి మీద పెట్టడం కొందరు చేస్తారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, నిజమే. కానీ హెడ్ చేయి ఒక వైపు దూకినప్పుడల్లా డ్రైవ్ ఒళ్లు దానికి ఎదురు వైపు తిరగబోతుంది. గట్టిగా పట్టుకున్న చోట ఆ తోపు కేబినెట్‌లోకి పోతుంది. వేలాడే చోట డ్రైవే ఊగుతుంది, హెడ్ మళ్లీ దారి వెతుక్కోవాలి. స్పాంజి అయితే దానికి తోడు వేడిని కూడా కప్పి ఉంచుతుంది. నేను పాటించే పద్ధతి ఏమిటంటే, డ్రైవ్‌ని ట్రేకి గట్టిగా, ట్రేని పెట్టెకి గట్టిగా బిగించి, మొత్తం పెట్టె కింద రబ్బరు కాళ్లు పెట్టడం. మెత్తదనం ఎక్కడైనా కావాలంటే బరువంతా ఒక్కటిగా ఉన్న చోట కావాలి. స్క్రూల చుట్టూ చిన్న రబ్బరు ఉంగరాలతో వచ్చే ట్రేలతో ఇబ్బంది లేదు, ఆ రబ్బరు గట్టిది, పొర పలచన. స్క్రూలు లేకుండా ప్లాస్టిక్ పట్టీలతో పట్టే ట్రేలు కూడా చాలావరకు బాగానే పనిచేస్తాయి. పట్టీ నొక్కాక డ్రైవ్‌ని పట్టుకుని ఊపి చూడండి, ట్రేతో కలిసి కదలాలి గాని ట్రేలో కదలకూడదు.

వేడి విషయంలో జనానికి ఉన్న భయం కాస్త ఎక్కువ. గూగుల్ 2007లో లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. వేడికీ చెడిపోవడానికీ అనుకున్నంత సంబంధం కనిపించలేదు. పైగా బాగా చల్లగా ఉన్న డిస్కులే ఎక్కువ చెడిపోయాయి. మరీ వేడెక్కినవాటిలో, అదీ వయసు మళ్లిన డిస్కుల్లో మాత్రం చెడిపోవడం పెరిగింది. కాబట్టి 38 డిగ్రీలు చూసి కంగారు పడనక్కర్లేదు. 30 నుంచి 45 మధ్య ఉంటే నేను పట్టించుకోను. 50 దాటి అక్కడే ఉండిపోతే మాత్రం కారణం వెతుకుతాను. పని చేస్తున్న డ్రైవ్ ఒక్కోటి 5 నుంచి 8 వాట్ల వేడి పుట్టిస్తుంది. ఆ వేడి పోవడానికి డ్రైవ్‌ల మధ్య ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలోంచి గాలి నడవాలి. మామూలు నాస్ పెట్టెలు ముందు నుంచి గాలి పీల్చి, డ్రైవ్‌ల మధ్యగా లాగి, వెనక ఫ్యాన్‌తో బయటికి తోస్తాయి. అందుకే ఖాళీగా ఉన్న బేలో (ఒక్కో డ్రైవ్ కూర్చునే అరలో) కూడా దాని ట్రే పెట్టే ఉంచాలి. తీసేస్తే గాలి ఆ తేలిక దారినే పోతుంది, డ్రైవ్‌లు ఉక్కపోతలో మిగులుతాయి. నాలుగు బేల పెట్టెలో రెండే డ్రైవ్‌లు ఉంటే, పక్కపక్కన కాకుండా ఒకటి వదిలి ఒకటి పెట్టుకోండి. పెట్టెని గోడకి ఆనించకుండా వెనక బెత్తెడు చోటు వదలండి. తలుపులు మూసిన చెక్క అలమారాలో ఫ్యాన్ ఎంత తిరిగినా అదే వేడి గాలి చుట్టూ తిరుగుతుంది.

గాలి నిండిన డ్రైవ్‌ల మూత మీద 'ఈ రంధ్రం మూయవద్దు' అనే అర్థంతో రాసి ఉన్న చిన్న రంధ్రం కనిపిస్తుంది. లోపలి, బయటి గాలి పీడనం సమానం చేసే దారి అది. పేరు చీటీ అంటించేటప్పుడు దాని మీద పడనివ్వకండి. 2013 నుంచి వస్తున్న హీలియం డ్రైవ్‌లు పూర్తిగా సీలు వేసినవి, వాటికి ఆ రంధ్రం ఉండదు.

కరెంటు కనెక్షన్ గురించి రెండు మాటలు, ముఖ్యంగా సొంతంగా పెట్టె కట్టుకునేవాళ్లకి. డ్రైవ్ మొదట తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. ఆరు డ్రైవ్‌లు ఒకేసారి లేస్తే ఒక్క తీగ మీద అంత బరువు వేయకూడదు. పాత నాలుగు పిన్నుల కనెక్టర్ నుంచి ఇప్పటి డ్రైవ్‌లకుండే సాటా కనెక్టర్‌కి మార్చే చవక అడాప్టర్లలో, ప్లాస్టిక్‌ని కరిగించి ఒకే ముద్దగా పోతపోసిన రకం లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలున్నాయి. వాటికి దూరంగా ఉండండి. కేబుల్‌ని కనెక్టర్ దగ్గర మడిచి తలుపు మూయకూడదు. సాటా కనెక్టర్ పక్క నుంచి వచ్చే ఒత్తిడికి తట్టుకోలేదు, దాని ప్లాస్టిక్ నాలుక విరిగిపోతుంది.

డ్రైవ్‌ని బయటికి తీయాల్సి వచ్చినప్పుడు, ముందు సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఆపి, ట్రేని రెండు వేళ్ల మందం ముందుకి లాగి, అర నిమిషం అలాగే వదలండి. కరెంటు పోయినా పళ్లేలు కొంతసేపు తిరుగుతూనే ఉంటాయి. తిరుగుతున్న డ్రైవ్‌ని చేతిలో ఒరిగిస్తే బొంగరంలా ఎదురు తిరుగుతుంది, ఆ బలం బేరింగుల మీదా పళ్లేల మీదా పడుతుంది. చల్లని చోటి నుంచి తెచ్చిన డ్రైవ్‌ని వెంటనే పెట్టకుండా కొన్ని గంటలు గది వేడికి అలవాటు పడనివ్వాలి, లేకపోతే లోపల తేమ పట్టే ప్రమాదం ఉంది.

ఇంకో జాగ్రత్తని మాత్రం ఎవరూ వదిలేయొద్దని బతిమాలుతాను. ప్రతి ట్రే ముందు భాగం మీద, లోపలున్న డ్రైవ్ సీరియల్ నంబరు చివరి నాలుగు అక్షరాలు రాసి అంటించండి. రెయిడ్ 5లో (కొన్ని డ్రైవ్‌లు కలిసి ఒకటిగా పనిచేసే ఏర్పాటు) ఒక డ్రైవ్ పోయినప్పుడు డేటా ఇంకా బతికే ఉంటుంది. ఆ కంగారులో చెడిన దానికి బదులు పక్కనున్న మంచి డ్రైవ్‌ని లాగితే ఆ డ్రైవ్‌ల కూర్పు మొత్తం కూలిపోతుంది. సాఫ్ట్‌వేర్ 'డిస్క్ 2' అంటుంది, అది ఎడమ నుంచి రెండోదో, సున్నా నుంచి లెక్కపెడితే మూడోదో ఆ క్షణంలో ఎవరు చెప్పగలరు? సీరియల్ నంబరు ఒక్కటే అబద్ధం చెప్పదు. ఆ చీటీ అంటించే సమయం డ్రైవ్ చేతిలో ఉన్నప్పుడే, బేలోకి తోశాక కాదు.

అన్నీ బిగించాక మొదటి రాత్రే డేటా పోసేయకండి. స్మార్ట్ లాంగ్ టెస్ట్ (డ్రైవ్ తనను తాను పూర్తిగా పరీక్షించుకునే పరీక్ష) నడపండి, పెద్ద డ్రైవ్‌కి అది రోజంతా పట్టొచ్చు. టెస్టుకి ముందు స్మార్ట్ నివేదికలో 5, 197, 199 నంబర్ల విలువలు కాగితం మీద రాసుకోండి. మొదటి రెండూ సెక్టార్ల ఆరోగ్యం చెబుతాయి, 199 పెరుగుతుంటే తప్పు డ్రైవ్‌ది కాకుండా కేబుల్‌దో కనెక్టర్‌దో అయి ఉంటుంది. టెస్టు నడుస్తుండగా ఒక్కో ట్రే ముందు అంచు మీద వేలు ఆనించి చూడండి. నాలుగింట్లో ఒకటి మిగతావాటికన్నా గట్టిగా అదురుతుంటే దాన్ని ఆపి, తీసి, స్క్రూలు మళ్లీ చూడాలి. నెల తర్వాత ఇంకోసారి చూస్తే మంచిది. కొత్త ప్లాస్టిక్ ట్రే సర్దుకున్నాక స్క్రూ పావు చుట్టు వదులవడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.